ఇస్త్రీ బల్ల మీద కోళ్ళు

ఆ వీధిలో కోళ్ళకి ఇస్త్రీ చేసి పడుకోబెట్టే ఆవిడ ఒకావిడ ఉండేది. పొద్దు వాలగానే ఒక్కో పెట్టనీ బల్ల మీద పరిచి, కాసిని నీళ్ళు చిలకరించి, రెక్కలు సాపు చేసి, తోక లోపలికి మడిచి, అటొకసారి ఇటొకసారి వేడి పెట్టె తోసి, గూట్లో దొంతరగా పేర్చేది. తెల్లారి మడతలు విప్పితే ఒళ్ళు దులుపుకుని మేతకి పోయేవి. వాటిలో ఒకదానికి మెడ దగ్గర గంజి కూడా పెట్టేదని చెప్పినవాళ్ళున్నారు.

నమ్మలేదు కదూ. సరే, కొంత తగ్గిద్దాం. గంజి అబద్ధం. నీళ్ళు చిలకరించడమూ, మడతపెట్టడమూ అబద్ధమే. ఆ మాటకొస్తే ఇస్త్రీ పెట్టె ఆ దరిదాపులకే రాలేదు. కానీ ఇస్త్రీ బల్ల మాత్రం ముమ్మాటికీ నిజం. కోళ్ళు దాని మీద పడుకున్నదీ నిజం. ఆ బల్ల కోళ్ళ గూటి దాకా ఎలా నడిచొచ్చిందన్నదే అసలు సంగతి.

ఆవిణ్ణి అందరూ ఇస్త్రీ అక్క అనేవారు. పనిచేసేది పెద్ద లాండ్రీలో. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రి దిండు గలేబులు, ఆఫీసువాళ్ళ చొక్కాలు వ్యాన్లలో వచ్చి కుప్పలు పడేవి. పొద్దున బల్ల ముందు నిలబడితే మళ్ళీ కూర్చోవడం ఇంటికొచ్చే బస్సులోనే, అదీ సీటు దొరికితే. చలికాలంలో మొహం ఆవిరికి ఉడికిపోతుండేది, వీపు గడ్డకట్టుకుపోతుండేది. ఒకే మనిషికి ఒకేసారి రెండు కాలాలు. పిక్కల్లో నరాలు ముళ్ళు పడి ఉబ్బి, ఇల్లు చేరేసరికి వంగి బూట్లు విప్పుకోవడం కూడా ఇంకో షిఫ్టులా ఉండేది.

ఇంట్లో ఆయన ప్లంబరు. అలాంటిలాంటి ప్లంబరు కాదు. ఆయన బిగించిన జాయింటు కారిందన్న మాట ఆ చుట్టుపక్కల ఎవరి నోటా వినబడలేదు. నేను ముట్టుకున్న గొట్టం ఏడవదు అని ఆయనే నలుగురిలోనూ అనేవాడు, నలుగురూ ఒప్పుకునేవారు. కిందటి వానాకాలం ఒక మేడ మీద ట్యాంకుకి పైపు తగిలిస్తుండగా కుడిపక్కంతా తిమ్మిరెక్కి కూలబడ్డాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక కాలు దారికొచ్చింది. మాటా వచ్చింది, మునుపటికన్నా కాస్త ఎక్కువే వచ్చిందని ఆయన తల్లి అనేది. చెయ్యి మాత్రం సగమే వచ్చింది. పట్టుకోమంటే పట్టుకుంటుంది, కానీ ఏం పట్టుకుందో దానికి తెలియదు. పానాలు పెట్టుకునే తోలుసంచి తలుపు వెనక మేకుకి ఎక్కింది. ఆయన రోజంతా ఆ మేకు కనబడే కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాడు.

కోళ్ళు పక్కింటి నుంచి వచ్చాయి. పక్కింటి కండక్టర్ బాబాయి బస్సుల్లో జీవితమంతా చేసి రిటైరైన మనిషి. ఆయన బస్సు దిగినా బస్సు ఆయన్ని దిగలేదు. ఇంటికి చుట్టాలొస్తే ముందు నుంచి ఎక్కండి అనేవాడు. ఆయన పెరట్లో కోళ్ళు పిల్లలు లేపి లేపి జాగా చాలకపోవడంతో అర డజను పెట్టల్ని బుట్టలో వేసుకొచ్చి, ఓవర్‌లోడైంది, వీటిని మీ స్టాపులో దింపుతున్నానని వదిలేసి పోయాడు. ఇస్త్రీ అక్క వాటిని చూసి నిట్టూర్చింది. ఇంట్లో ఆయన మాత్రం కుర్చీలోంచి లేచాడు. చాలా రోజుల తర్వాత ఎవరూ లేవమనకుండా లేచాడు.

కోడికి నేల మీద నిద్ర పట్టదు. ఎక్కి కూర్చోవడానికి గూట్లో ఒక అడ్డకర్ర ఉండాలి. ఎవరింట్లో అయినా ఓ కర్రముక్క తెచ్చి అడ్డంగా కొట్టి చేతులు దులుపుకుంటారు. ప్లంబరింట్లో కర్రలెందుకుంటాయి? ఇనప గొట్టాలున్నాయి. స్నానాలగది బాయిలరు దగ్గర గోడకి కన్నం పొడిచి, గొట్టం బయటికి లాగి, గూడంతా అడ్డంగా తిప్పి, మళ్ళీ తెచ్చి బాయిలర్లోనే కలిపాడు. అంటే సాయంత్రం స్నానాలకి బాయిలరు వెలిగిస్తే వేడినీళ్ళు ముందు కోళ్ళ కాళ్ళ కిందుగా ఓ చుట్టు తిరిగి వస్తాయన్నమాట. చలికాలం కదా, కాళ్ళు వెచ్చగా ఉంటాయని. ఎడమచేత్తో తిప్పి, కుడిచెయ్యి ఊత పెట్టి, జాయింట్లకి చుట్టే నార పళ్ళతో తెంపి, ఒక్కడే చేశాడు. ఎవర్నీ చెయ్యి వేయనివ్వలేదు. గూటి పైభాగంలో గాలికని ఉన్న కంతలన్నిట్లోనూ గోనెగుడ్డ కుక్కేశాడు, చలిగాలి దూరకుండా.

కండక్టర్ బాబాయి వచ్చి గూట్లో తల పెట్టి చూసి, తన సర్వీసులో ఇంత సౌకర్యంగా ఉన్న బండి చూడలేదన్నాడు. ఆ రోజు ప్లంబరు మొహం వెలిగిపోయింది. రొట్టె తింటూ భార్యతో ఒక మాట అన్నాడు.

"ఈ చలికాలం ఆ జాయింట్లు నిలిచాయంటే, ఎండలు రాగానే సంచి భుజాన వేస్తానే."

ఆవిడ తల ఊపింది. ఆ మాట కోసమే ఆవిడ ఇన్నాళ్ళూ నిలబడి ఉంది. పిక్కల మీద కాదు, ఆ మాట మీద.

చలి ముదిరింది. బకెట్లో నీళ్ళు పొద్దుటికల్లా పలకలా గడ్డకట్టేవి. ఒక సాయంత్రం ఇస్త్రీ అక్క లాండ్రీ నుంచి ఉసూరుమంటూ వచ్చి గూడు తలుపు వేయబోతే, గొట్టం మీద ఒక్క కోడి లేదు. ఆరూ కింద రంపపు పొట్టులో ఒకదాని మీద ఒకటి కుప్పపడి ఉన్నాయి. కండక్టర్ బాబాయి పెద్ద మేడం అని పిలిచే నల్లపెట్ట నెత్తిమీది ఎర్రజుట్టు చివర్లు బూడిదరంగుకి తిరిగాయి. పొట్టు ముట్టుకుంటే తడి. పైకి చూస్తే కప్పు రేకు నిండా చెమట పట్టినట్టు బొట్లు. చలికి కాదు, తడికి నీలుక్కుపోతున్నాయి అవి.

గొట్టం పొడుగూతా వేలు పెట్టి తడిమి చూసింది. అవతలి మూల మలుపు దగ్గర ఒక చుక్క. చూస్తుండగానే అది లావెక్కి, వేలాడి, జారింది. దాని వెనకాలే ఇంకొకటి బయల్దేరింది.

ఆవిడ అరచేత్తో తుడిచింది, మళ్ళీ ఊరింది. ఇంతలో వంటగది కిటికీలోంచి ఆయన గొంతు వినబడింది.

"ఎక్కాయా?"

"ఎక్కాయండీ," అంది.

ఆ ఒక్క మాటతో ఆవిడకి మూడో షిఫ్టు మొదలైంది. లాండ్రీలో పారేసిన గలేబు ముక్క తెచ్చి ఆ మలుపుకి చుట్టింది. రోజూ పిండి మార్చేది. తడిసిన పొట్టు తీసి పొడిది పోసేది. ఆ తర్వాత కోళ్ళని ఎక్కించడం. గొట్టం బొటనవేలంత లావు, గుండ్రం, నునుపు. బాయిలరు వెలుగుతున్నంతసేపూ కాళ్ళు కాలేంత వేడి. ఆర్పేశాక ఊళ్ళో దానంత చల్లటి వస్తువు ఇంకొకటి ఉండదు. ఒకదాన్ని ఎక్కిస్తే ఇంకొకటి దూకుతుంది. రెండోదాన్ని పట్టుకునేలోపు మొదటిది గుడ్లు పెట్టే పెట్టెలో దూరి, ఇదే నా ఇల్లన్నట్టు మొహం పెడుతుంది. ఆవిడ నడుం వంచి తీస్తుంది, మళ్ళీ ఎక్కిస్తుంది. పగలంతా దుప్పట్లు, పొద్దు వాలాక పెట్టలు. దుప్పట్లే నయం, మడిస్తే మడతలో ఉంటాయి.

కండక్టర్ బాబాయి గోడ మీదుగా చూసి జాలిపడి కిటుకు చెప్పాడు. "వెలుతురుండగా ఎక్కిస్తే దిగిపోతాయమ్మాయ్. కాస్త మసకపడనివ్వు. కోడికి చీకట్లో కళ్ళు ఆనవు, పెట్టినచోటే ఉంటుంది. అప్పుడు రొమ్ముకింద చెయ్యేసి ఎత్తి, కాళ్ళకి కర్ర తగిలించు. అదే ఎక్కుతుంది."

అలాగే చేస్తే కాస్త నిలిచేవి. పొద్దున చూస్తే మళ్ళీ కింద తడిలోనే. కిటుకు మంచిదే, కర్ర ఉండాల్సిన చోట గొట్టం ఉంది. ఒకరోజు బాబాయి గూట్లోకి తొంగిచూస్తే ఆయన బట్టతల మీద టప్పుమని ఒక బొట్టు పడింది.

"ఇదేంటమ్మాయ్, బయట ఎండగా ఉంటే లోపల వాన పడుతోంది?"

"మీరేం చూడలేదు బాబాయ్."

ఆయన తల తుడుచుకుని ఇంటి కిటికీకేసి చూశాడు, గుడ్డ చుట్టిన మలుపుకేసి చూశాడు. "సర్వీసంతా చూసీ చూడనట్టు పోయినవాణ్ణే. నాకిది కొత్తా?" అని గోడ దిగిపోయాడు.

అత్తగారు మాత్రం ఊరుకునే రకం కాదు. పొయ్యి దగ్గర కూర్చుని, పగలు బట్టలకి సేవ, రాత్రి కోళ్ళకి జోల, మధ్యలో మొగుడికో ముద్ద పడేస్తే పడేసినట్టు అని గోడలకి చెప్పేది. మారు మాట్లాడటానికి ఇస్త్రీ అక్కకి ఓపిక కావాలి. ఉన్న కాస్త ఓపికా ఆ ఒక్క మాటకే సరిపోయేది. ఎక్కాయా? ఎక్కాయండీ. ఎక్కకేం చేస్తాయి అని ఆయన లోపల్నుంచి తృప్తిగా అనేవాడు.

ఇంకొక భయం కూడా ఆవిణ్ణి తినేస్తూ ఉండేది. నిజం చెబితే ఆయన మళ్ళీ కుర్చీలోకి వెళ్ళిపోతాడు. చెప్పకపోతే, ఎండలు రాగానే సంచి తీసుకుని ఎవరింటికో పోతాడు, ఆ ఇంట్లో గొట్టం ఏడుస్తుంది, అప్పుడు ఊరంతటికీ తెలుస్తుంది. బస్సులో కిటికీకి తల ఆనించి రోజూ ఈ రెంటినీ తూకం వేసేది. తేలేలోపు ఆవిడ స్టాపు వచ్చేసేది.

అటువంటి ఒకనాడు లాండ్రీలో, అప్పుడే ఇస్త్రీ చేసి పెట్టిన తెల్లచొక్కా మీద పైనుంచి ఒక నీటిబొట్టు పడింది. సూపర్‌వైజరమ్మ అది చూసి, పైన చిన్న కిటికీ ఎవరు మూశారని అడిగింది. చలేస్తోందని ఎవరో గొణిగారు. చలేస్తే స్వెటరు వేసుకోండి, ఆవిరి పోయే దారి మూస్తే అదే మన నెత్తిన కురుస్తుందని తిట్టి, కర్రతో ఆ కిటికీ తోసి తెరిచింది. ఇస్త్రీ అక్క చేతిలో పెట్టెతో అలాగే ఉండిపోయింది. గోనెగుడ్డ కుక్కిన కంతలు కళ్ళముందు కనబడ్డాయి. చొక్కా మాడుతోందని పక్కావిడ మోచేత్తో పొడిస్తే గానీ ఈ లోకంలోకి రాలేదు.

వెళ్ళేముందు సూపర్‌వైజరమ్మని ఒకటి అడిగింది. సామాన్ల గదిలో ప్యాంట్లకి వాడే సన్నటి పొడుగు బల్ల ఒకటి కాళ్ళు విరిగి పడి ఉంది. జానెడు వెడల్పు. అంచులు ఎందరి మోచేతులో రాసుకుని గుండ్రంగా అరిగిపోయాయి. అక్కడక్కడ పెట్టె మాడ్చిన మచ్చలు. పొయ్యిలోకా అని అడిగి ఇచ్చేసింది సూపర్‌వైజరమ్మ. ఆవిడ దాన్ని భుజాన వేసుకుని బస్సెక్కబోతే ఒక బస్సువాడు ఎక్కనివ్వలేదు. రెండో బస్సువాడు మనిషికైతే టికెట్టు, బల్లకైతే సీటు లేదన్నాడు. దాన్ని కావిలించుకుని వెనక మెట్టు మీద నిలబడింది. దారి పొడుగునా ఒక అబద్ధాన్ని తయారుచేసి ఇస్త్రీ చేసుకుంది. గొట్టం చాలా బాగుందండీ, కాకపోతే పెద్ద మేడానికి వయసు మీదపడి కాళ్ళు జారుతున్నాయి, అందుకని పైన చిన్న చెక్క.

ఇల్లు చేరేసరికి మసకపడింది. కిటికీలో ఆయన లేడు. గూటి తలుపు తెరిచి ఉంది. లోపల బకెట్టు బోర్లించుకుని ఆయన కూర్చుని ఉన్నాడు. కాళ్ళ చుట్టూ కోళ్ళు. చేతిలో తడి గలేబు ముక్క. గోడ దగ్గర నీళ్ళ వాల్వు కట్టేసి ఉంది. ఆవిడ ఆలస్యమైతే కోళ్ళు ఎక్కాయో లేదో చూద్దామని వచ్చిన మనిషి.

"ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"ఏదండీ?"

"ఇది. నీ లాండ్రీ గుడ్డ. కాళ్ళొచ్చి నడిచి రాలేదుగా."

బస్సులో చక్కగా మడతపెట్టుకున్న అబద్ధం బయటికి రాలేదు. దాన్ని తీసే ఓపిక కూడా లేకపోయింది. బల్లని గోడకి చేర్చి, గుడ్ల పెట్టె మీద చతికిలబడింది.

"చలి ముదిరినప్పట్నుంచీ."

"రోజూ ఎక్కాయండీ అన్నావు."

"ఎక్కించానుగా."

ఆయన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, అది ఎవరో వదిలేసి పోయిన వస్తువన్నట్టు చూశాడు. "మర ఎంత బిగిసిందో కంటికి తెలియదే. చెయ్యే చెప్పాలి. ఇంకో పావు తిప్పు, ఇక చాలు, ఆపు అని చెయ్యే చెబుతుంది. ఇది ఏమీ చెప్పట్లేదు. నేనే చెప్పినట్టు అనుకున్నాను."

ఆవిడ వంగి బూట్ల తాళ్ళు వదులు చేసుకుంది.

"కాళ్ళు పీకేస్తున్నాయండీ," అంది. "ముందు వీటిని ఎక్కిద్దాం. ఆ తర్వాత పోట్లాడుకుందాం."

ఆయన ఆవిడ కాళ్ళకేసి చూశాడు. బూట్ల పైన వాచిపోయి ఉన్న చీలమండల్ని మొదటిసారి చూసినట్టు చూశాడు. తర్వాత బల్లకేసి చూసి, అదేంటని అడగకుండానే, కటింగ్‌ప్లేయరూ ఇనప తీగా తెమ్మన్నాడు.

గొట్టంలో నీళ్ళు దించేశారు. బల్లని వెడల్పు వైపు పైకి వచ్చేలా గొట్టం మీద పరిచి, ఆవిడ తీగ పట్టుకుంటే ఆయన ఎడమచేత్తో మెలిపెట్టాడు. బిగిసిందా అని ఆయన అడగడం, ఆవిడ ఊపి చూసి ఇంకొంచెం అనడం. గొట్టం ఎంత సమంగా కుదిర్చి ఉందంటే బల్ల కింద ఒక్క చెక్కపేడు కూడా పెట్టాల్సిన అవసరం రాలేదు. పైన కంతల్లోంచి గోనెగుడ్డ లాగుతుంటే మాత్రం ఆయన చలిగాలి వస్తుందని అడ్డుపడ్డాడు. ఆవిడ తెల్లచొక్కా సంగతి చెప్పింది. గాలి వాటి నెత్తి మీదుగా పోతుంది, ఒంటికి తగలదు, ఒళ్ళు పొడిగా ఉంటే ఈకలే వాటికి రజాయి అంది. ఆయన రేకు మీది బొట్లు చూసి, మిగతా గుడ్డ తనే లాగేశాడు.

ఈలోగా గోడ మీద టార్చిలైటు వెలిగింది. దాని వెనక కండక్టర్ బాబాయి. పిలవకుండానే దిగి వచ్చాడు. ఆవిడ రొమ్ముకింద చెయ్యేసి ఒక్కో పెట్టనీ ఎత్తి బల్ల అంచుకి కాళ్ళు తగిలిస్తుంటే, బాబాయి అలవాటు కొద్దీ గొంతు సవరించుకున్నాడు. "జరగాలి, లోపలికి జరగాలి. అవతలంతా ఖాళీ పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడతారేంటమ్మా?" పెద్ద మేడం నిజంగానే జరిగింది. కావాలంటే ఇది కొంచెం తగ్గించుకోవచ్చు. ముక్కుతో పొడిస్తే పక్కది జరిగింది.

గొట్టం మీద కాళ్ళు బిగపట్టి వణికిన కోళ్ళు బల్ల మీద పాదాలు పరిచాయి. పరిచి, ఒళ్ళు పొంగించి, నెమ్మదిగా కిందికి దిగాయి. వేళ్ళు ఈకల కింద ఎక్కడికక్కడ మాయమైపోయాయి. బడిగంట కొట్టాక వరుసలో నిలబడ్డ పిల్లల్లా ఒకదానికొకటి ఆనుకుని సర్దుకున్నాయి. ఆఖరి పెట్టని ఆయన ఎత్తాడు. ఎడమచేత్తో పట్టి, కుడిచెయ్యి దాని రొమ్ముకింద పెట్టి ఎక్కించాడు. అది ఆ చేతి మీదే కూర్చుండిపోయింది. ఆ వెచ్చదనం చేతికి తెలిసిందో లేదో ఆయన చెప్పలేదు. చెయ్యి మాత్రం వెంటనే తీయలేదు.

పోట్లాట మర్నాటికి వాయిదా పడింది. మర్నాడు కూడా ఎవరికీ ఓపిక లేకపోయింది.

సంచి మేకు మీదే ఉండిపోయింది. ఎండలు వచ్చాయి, పోయాయి. ఆయన ఇంకే ఇంటికీ పనికి పోలేదు. పెద్ద మేడం నెత్తిమీది జుట్టు చివర్లు రాలిపోయి మొండిగా మిగిలాయి. లాండ్రీలో దుప్పట్లు తగ్గలేదు. కానీ చలి ఉన్నన్నాళ్ళూ మసకపడే వేళకి గూట్లోకి వెళ్ళింది ఆయన. రొమ్ముకింద చెయ్యేసి ఎక్కించిందీ ఆయనే. ఆ కాసేపూ ఇస్త్రీ అక్క వంటగదిలో బేసిన్లో వేడినీళ్ళు పోసుకుని కాళ్ళు పెట్టుకుని కూర్చునేది. కిటికీలోంచి తనే అడిగేది, ఎక్కాయా అని. ఎక్కాయే అనేవాడు. అత్తగారు పొయ్యి దగ్గర్నుంచి, ఇప్పుడు జోల పాడే డ్యూటీ నా కొడుక్కి పడిందని గోడలకి చెప్పేది.

కండక్టర్ బాబాయి మాత్రం చూసినదాన్ని ఎక్కడా దింపుకోకుండా ఊరుకోలేకపోయాడు. చూసీ చూడనట్టు పోయే మనిషే గానీ, చెప్పీ చెప్పనట్టు ఊరుకునే మనిషి కాదు. బల్ల సంగతి టీకొట్టు దగ్గర దింపాడు. అక్కడ దానికి ఇస్త్రీ పెట్టె చేరింది. మంగలి షాపులో నీళ్ళు చిలకరించారు. గంజి ఎవరు పెట్టారో తెలియదు. వీధి చివరికి చేరేసరికి కోళ్ళు నాలుగు మడతల మీద ఉన్నాయి.

ఒకనాడు బస్టాపులో పక్కన నిలబడ్డ ఆవిడ, మీరేనటగా కోళ్ళకి ఇస్త్రీ చేసి పడుకోబెట్టేది, మీవారు వేసిన గొట్టం కారితేనటగా, అని అడిగింది. ఇస్త్రీ అక్క బరువంతా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంది. మొహంలో ఏమీ కదల్లేదు.

"మావారు బిగించిన జాయింటు ఏనాడూ కారలేదండీ," అంది. "అసలు మాకు కోళ్ళే లేవు."